ఫీజు వద్దన్న లాయరు

డబ్బడిగేవాణ్ణి చూస్తే లిదియమ్మకు భయం లేదు, అడగనివాణ్ణి చూస్తేనే భయం. ముప్పై ఏళ్ళుగా మిషను హాస్టల్లో వంట చేస్తున్న మనిషి ఆమె. బియ్యం బస్తాలో ఎవడెంత నొక్కేశాడో గోనె అంచు పట్టి ఎత్తి చెప్పేస్తుంది. కూరగాయలవాడు కొసరుగా నాలుగు వంకాయలు ఎక్కువేస్తే, అడుగున పుచ్చులున్నాయని ఆమెకు వెంటనే తెలిసిపోతుంది. అలాంటి మనిషి ఎదుట, కొడుకు పోయిన పదో రోజున, పార్వతీపురం నుంచి స్కూటరు మీద వచ్చిన లాయరు జగన్నాథరావు కుర్చీలో కూర్చుంటూనే అన్న మొదటి మాట, "నాకు ఫీజు వద్దమ్మా" అని.

ఆ మాటకు ఆమె ఏడుపు కూడా ఆగిపోయింది.

"వద్దా? ఎందుకొద్దు బాబూ?"

"గెలిస్తే వచ్చినదాంట్లో నాలుగో వంతు నాది. ఓడిపోతే మీరిచ్చేదీ లేదు, నేనడిగేదీ లేదు. కోర్టు ఖర్చులు నావే. వాయిదాలకొస్తే బస్సు చార్జీలు కూడా నేనే ఇస్తాను."

ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగుతారంటారు కదా, ఆ హాస్టలు వరండా నిండా చేరిన కొండమామిడివలస జనం మొహాలు అప్పుడలాగే ఉన్నాయి. లిదియమ్మకు మాత్రం చేతుల్లో చురుకు పుట్టింది. బస్తా తేలిగ్గా ఉన్నప్పుడు పుట్టే చురుకే అది.

కొండమామిడివలస పాచిపెంట పైన కొండల్లో ఉంది. సాలూరు నుంచి ఒడిశా పోయే ఘాట్ రోడ్డు దిగి రెండు మైళ్ళు నడవాలి. ఊళ్ళో అంతా కొండదొర, జాతాపు గిరిజనులు. లిదియమ్మ కిందనుంచి వచ్చిన మిషను మనిషి. మొగుడు పోయాక ఒక్కగానొక్క కొడుకు ఐజాకుతో హాస్టలు వెనక గదిలోనే ఉండిపోయింది. ఐజాకు సాలూరు సేటుగారి టాక్సీ జీపు నడిపేవాడు. ఇరవైనాలుగేళ్ళు. 1998 వానాకాలం చివర, సంత రోజు సాయంత్రం, తొమ్మిదిమంది పట్టే జీపులో పద్నాలుగుమందిని ఎక్కించుకుని వస్తుంటే ఘాట్ మలుపులో జీపు లోయలో పడింది. ఐజాకు పోయాడు. ఊరిపెద్ద సోంబరు పెళ్ళాం పోయింది. సోములమ్మ మొగుడు పోయాడు. పైవీధి ఆడపిల్ల ఒకతె పోయింది. మిగిలినవాళ్ళలో ముగ్గురికి కాళ్ళో చేతులో విరిగాయి.

వెనక కూర్చున్నవాళ్ళు బస్తాల మధ్య, వెనక్కి తిరిగి కూర్చున్నారు. ముందు ఏం జరిగిందో ఒక్కరూ చూడలేదు. చూసినవాడు ఒక్క సుక్రు. ఐజాకు ఈడువాడు, స్నేహితుడు, ముందు సీట్లో పక్కనే కూర్చున్నాడు. కాలికి పిండికట్టుతో ఆసుపత్రి మంచం మీద పడుకుని, లిదియమ్మ చెయ్యి పట్టుకుని వాడే చెప్పాడు.

"లారీ అమ్మా. మలుపులో హారను నేకుండా మనవేపుకొచ్చీసినాది. ఐజాకు కొండవేపు తిప్పీడానికి సూసినాడు. ఆఖరికంటా స్టీరింగు ఒగ్గలేదమ్మా నీ కొడుకు."

ఆ లారీ ఆగలేదు. నంబరు ఎవరికీ తెలీదు. పోలీసు కాగితంలో జీపు లోయలో పడింది, డ్రైవరు చనిపోయాడు, కేసు మూశాం అని మూడు ముక్కలుంటే ఉన్నాయి. లిదియమ్మకు కాగితంతో పనిలేదు. ఆఖరికంటా స్టీరింగు వదల్లేదన్న మాట చాలు. పొద్దున్నే పొయ్యి వెలిగిస్తూ ఆ మాట తలుచుకునేది, ప్రార్థనలో తలుచుకునేది. ఆ నాలుగు మాటలూ లేకపోతే ఆ ఏడాది ఆమె వంటగదిలోకి మళ్ళీ అడుగుపెట్టేది కాదు.

సరే, లాయరు దగ్గరికి వద్దాం. ఫీజు మాటకు లిదియమ్మ నసిగితే, సోంబరు నవ్వాడు. పెళ్ళాం పోయాక అతను నవ్వడం అదే మొదలు.

"వాటాకి సేసినోడు పంట పెరగాలనే సూత్తాడు గానీ తరగాలని సూడడు గదమ్మా. ముందే కూలి పుచ్చుకున్నోడే గట్టుమీద తొంగుంటాడు. ఈ బాబుకి మనకన్నా ఆత్రం ఎక్కువుంటాది."

సోంబరు మాటలో తప్పు పట్టడానికేం లేదు. పంట పెరగాలనుకునేవాడు ఏ మొక్కని కలుపు కింద పీకేస్తాడన్నది మాత్రం ఆ పూట ఎవరికీ తట్టలేదు. ఊళ్ళో చదువుకున్న మనిషి లిదియమ్మ ఒక్కతే కాబట్టి, అందరూ వేలిముద్రలు వేశాక, ఈ వేలిముద్ర వేసిన మనిషిని నేనెరుగుదును అని ప్రతి కాగితం కిందా ఆమే సంతకం చేసింది. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. "ఇందులో ఏటి రాసేరు బాబూ" అని అడిగింది కూడా. "మీరు చెప్పిందేనమ్మా, కోర్టు భాషలో పెట్టాను" అన్నాడాయన. బైబిలు మొదటినుంచి చివరిదాకా నాలుగుసార్లు చదివిన మనిషి, చదవలేని కాగితాల మీద ఏడు సంతకాలు పెట్టింది.

తరవాత వాయిదాలు మొదలయ్యాయి. మూడు నెలలకో, నాలుగు నెలలకో ఒకసారి తెల్లవారుజామున లేచి, రోడ్డుదాకా నడిచి, బస్సులు మారి, పార్వతీపురం చేరేవాళ్ళు. జగన్నాథరావు తన మాట తప్పలేదు. బస్సు చార్జీలిచ్చేవాడు. కోర్టు ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీలు పెట్టించేవాడు. లిదియమ్మ ఒకసారి అడవి తేనె సీసా పట్టుకెళితే తీసుకోలేదు. "వద్దమ్మా, అన్నీ చివర్లోనే" అన్నాడు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. పరిహారం కట్టాల్సిన ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళకు అమ్ముడుపోయాడేమో, అందుకే మన తేనె కూడా ముట్టుకోవడం లేదేమో అనుకుంది. ఇచ్చినదానికి రసీదు అడగడు, ఒప్పందం కాగితం రాయడు. అంతా నోటిమాటే. నోటిమాట మీద పెద్ద చదువులవాళ్ళు రెండేళ్ళు తిరుగుతారా అని ఆమె అనుమానం.

ఇంకో అనుమానం ఇంటి దగ్గర మొదలైంది. ఊళ్ళో ఆమె మీద ప్రేమ పెరిగిపోయింది. సోములమ్మ వారం వారం చిక్కుళ్ళు తెచ్చి గుమ్మంలో పెడుతుంది. సోంబరు మనిషిని పెట్టి కట్టెలు కొట్టించి పంపుతాడు. సుక్రు కుంటుకుంటూ వచ్చి నీళ్ళు తోడి పోసి వెళతాడు. కొడుకు పోయిన తల్లి కదా, జాలిపడుతున్నారు అనుకుంది మొదట్లో. కానీ జాలిపడేవాళ్ళు కాసేపు కూర్చుంటారు, చచ్చినవాడి ఊసెత్తి ఓ కన్నీటిచుక్క రాలుస్తారు. వీళ్ళు తెచ్చింది గుమ్మంలో పెట్టి, ఆమె బయటికొచ్చేలోపు వెళ్ళిపోతున్నారు. ఐజాకు పేరెత్తితే సోములమ్మ చీరకొంగు సర్దుకుంటుంది. కొసరు ఎక్కువవుతోందని లిదియమ్మకు తోచింది.

రెండో ఏడు చివర్లో, సాక్ష్యాల వాయిదాకు ముందు, బస్తా అడుగు కనిపించింది. లాయరు గుమాస్తాకు ఒంట్లో బాగాలేక, కేసు కట్టలన్నీ జగన్నాథరావు లిదియమ్మ చేతికిచ్చి, కోర్టు గోడవారన టైపు మిషను పెట్టుకుని కూర్చునే కనక దగ్గర కాపీలు తీయించుకు రమ్మన్నాడు. లిదియమ్మకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు వచ్చు. కట్టల మీద కళ్ళు పరిగెత్తించింది. తన కట్ట మీద సెక్షను 163, పక్కన ఒక ఇంగ్లీషు అక్షరం ఉన్నాయి. మిగిలిన ఆరింటి మీదా 166 అని ఉంది.

"ఒకే జీపు, ఒకే లోయ. అంకెలెందుకు మారేయమ్మా?" అని కనకను అడిగింది.

కనక ఆ వీధిలో పదిహేనేళ్ళుగా లాయర్లకు టైపు కొడుతోంది. లాయర్ల మీద ఆమెకు భక్తీ లేదు, కోపమూ లేదు. కాగితం కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని చదివింది.

"నీదేమో తప్పెవరిదని అడక్కుండా లెక్క ప్రకారం డబ్బులిచ్చీసే సెక్షను. ఇవేమో బండి తోలినోడి తప్పని రుజువు సేసే సెక్షను. రుజువైతే ఇందులో ఎక్కువొస్తాయి."

"బండి తోలినోడంటే?"

కనక కళ్ళజోడు తీసింది. "పేరు ఐజాకు అని ఉందమ్మా. జీపు డ్రైవరు ఐజాకు అతి వేగంగా, ఒళ్ళు తెలీకుండా నడిపి, ముగ్గురి చావుకి కారణమయ్యేడు అని ఉంది. ఆరింట్లోనూ అదే ముక్క." కాగితం చివరికి వచ్చి, వేలిముద్ర కింద తెలుగులో ఉన్న సంతకం చూసి, "లిదియ అంటే నువ్వేనేటి?" అంది.

"లారీ గురించి ఏటి రాసేరు?"

కనక మళ్ళీ కాగితాలు తిప్పింది. "లారీ ఊసే లేదు."

లిదియమ్మ ఏడవలేదు. కట్టలన్నీ తాడుతో బిగించి కట్టి, తిన్నగా జగన్నాథరావు ఆఫీసుకు నడిచింది. దారిలో ఎవరో పలకరిస్తే వినిపించుకోలేదు. దొంగచేతికి తాళాలిచ్చానన్న మాట ఒక్కటే ఆమె తలలో తిరుగుతోంది.

జగన్నాథరావు కంగారుపడలేదు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"చూడమ్మా. నంబరు తెలీని లారీ మీద వెళితే చచ్చిన మనిషికి పాతికవేలిచ్చి సరిపెడతారు. జీపుకు ఇన్సూరెన్సుంది. కంపెనీ దగ్గరి నుంచి పెద్ద డబ్బు కదలాలంటే తప్పు జీపు డ్రైవరుదే అవ్వాలి. లారీ పేరెత్తితే, ఆ లారీని పట్టుకోండి మాకేం సంబంధం అంటుంది కంపెనీ."

"నా కేసులో తప్పెవరిదని అడగొద్దని రాసేరు గదా. అందరివీ అలాగే రాయొచ్చు గదా బాబూ?"

ఆయన పెన్ను మూత పెట్టాడు, తీశాడు. "రాయొచ్చు. ఇప్పుడైనా మార్చమని అర్జీ పెట్టొచ్చు. కానీ అది లెక్కకట్టి ఇచ్చేది. సోంబరు భార్యకి లక్ష దాటదు. ఈ దారిలో వెళితే రెండున్నర, మూడు దాకా లాగొచ్చు."

"మీ నాలుగో వంతు కూడా అంతకంతా పెరుగుతాది."

"వాళ్ళకీ పెరుగుతుంది కదమ్మా. నేనేం దాచాను? చచ్చినవాణ్ణి జైల్లో పెట్టరు. ఐజాకుకు పోయేదేముంది ఇందులో?"

"పేరు" అంది లిదియమ్మ.

జగన్నాథరావు నిజంగానే బాధపడ్డాడో, బాధపడినట్టు మొహం పెట్టాడో ఆమెకు అర్థం కాలేదు. "మొదట్లోనే నాకు ఫీజు కట్టి, ఇలా రాయండి, మా అబ్బాయి పేరు రాకుండా చూడండి అని ఉంటే అలాగే రాసేవాణ్ణి. పైసా ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా నాకు ఒకటే అయ్యేది. రెండేళ్ళుగా నా చేతి డబ్బు పెడుతున్నాను. ఇప్పుడు పంట సగం కోసి సగం వదిలెయ్యమంటే ఎలాగమ్మా?"

ఆయన మోసగాడైతే ఆమెకు సుఖంగా ఉండేది. నాలుగు తిట్టి వచ్చేసేది. కానీ ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటీ దొరకలేదు, అదే ఆమెకు మంటగా ఉంది. మెట్లు దిగుతుంటే కంపెనీ తరఫు లాయరు కృష్ణమూర్తి ఎదురుపడ్డాడు. వాసన ఎలా పట్టాడో ఏమో, "లారీ సంగతి మీకు తెలుసటగా, వచ్చి చెప్పండమ్మా, ఇంకో వాయిదా వేయిద్దాం" అన్నాడు. ఆయనకు కంపెనీ వాయిదాకింత చొప్పున ఇస్తుందని కనక అంతకుముందే చెప్పింది. కేసు ఎన్నేళ్ళు నడిస్తే ఆయన ఇల్లు అన్నేళ్ళు నడుస్తుంది. పైగా తను కళ్ళతో చూసిందేముంది? నోరు విప్పితే సోములమ్మ పిల్లల కూడు పోతుంది, కొడుకు పేరు మాత్రం నిలబడుతుందన్న నమ్మకం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఆయన్ని మెట్ల మీదే వదిలి బస్సెక్కేసింది.

మర్నాడు సాయంత్రం సోంబరు ఇంటి ముందు అందర్నీ కూర్చోబెట్టింది. కాగితాల్లో ఉన్నదంతా చెప్పింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. తలలు వంచుకున్నారు. చిక్కుళ్ళెందుకొచ్చాయో, కట్టెలెందుకొచ్చాయో లిదియమ్మకు అప్పుడు తెలిసింది.

"మీ అందరికీ తెలుసా?" అంది. "నా ఒక్కదానికే తెలీదా?"

సుక్రు నేలచూపులు చూస్తూ, "లాయరు బాబు లారీ ఊసెత్తొద్దన్నాడమ్మా. ఎత్తితే ఎవులికీ పైసా రాదన్నాడు" అన్నాడు.

"ఆ సెక్షను మార్చమని అందరం అడుగుదాం. తక్కువొస్తాది. కానీ అబద్ధం చెప్పక్కర్లేదు."

సోములమ్మ మొదటిసారి నోరు విప్పింది. "ఎంత తక్కువ?"

లిదియమ్మ చెప్పింది. సోంబరు, "అమ్మా, నువ్వు సెప్పింది నేయమే. నాకూ ముగ్గురు ఆడగుంటలున్నారు. సగానికి దిగిపోమంటే ఏటి సెప్పను?" అన్నాడు. అని, ఆమెకు ఎన్నడూ తట్టని దారి ఒకటి చూపించాడు. "నీకు కావాల్సింది నిజం గదా? నిజం ఊళ్ళో సెప్పీస్తాం. ఊరందరి ముందూ, బూమి సాచ్చిగా. కోర్టులో కాగితానికి ఏటి కావాలో అది సెప్తాం. కోర్టు మన బూమి కాదు గదా."

"కోర్టులో దేవుడి మీద ప్రమాణం చేయిస్తారు సోంబరన్నా!"

"గచ్చు మీద నిలబెట్టా?" అన్నాడు సుక్రు. వాడి గొంతులో వెటకారం లేదు, నిజమైన అనుమానమే ఉంది. "కాళ్ళకింద మట్టి నేని కాడ పెమానం ఏటమ్మా? అది ఎలా కడతాది?"

ఆ ఊళ్ళో మట్టి నెత్తిన పెట్టుకుని అబద్ధమాడినవాణ్ణి లిదియమ్మ ముప్పై ఏళ్ళలో చూడలేదు. గట్టు తగాదాలైనా, గొర్రెల దొంగతనాలైనా అక్కడితో తెగిపోవాల్సిందే. సుక్రు వంగి గుప్పెడు మట్టి తీశాడు. నెత్తిన పెట్టుకున్నాడు. లారీ వచ్చిందనీ, మనవేపుకొచ్చిందనీ, ఐజాకు ఆఖరికంటా స్టీరింగు వదల్లేదనీ ఊరందరూ వింటుండగా చెప్పాడు. మట్టి వాడి నుదుటి మీదుగా జారింది. సోములమ్మ వచ్చి లిదియమ్మ పక్కన కూర్చుని ఏడ్చింది. రెండేళ్ళలో మొదటిసారి ఎవరో ఆమెతో కూర్చుని ఐజాకు కోసం ఏడ్చారు. వాళ్ళ దృష్టిలో బాకీ తీరిపోయింది. లిదియమ్మకు తీరలేదు గాని, గుండె కాస్త తేలికపడింది. కాగితం మీద ఏం రాస్తే రాసుకోనీ, ఊరికి తెలుసు కదా అని తనకు తాను చెప్పుకుంది. అలా చెప్పుకుంటూనే, ఈ పిల్లల పిల్లలు ఊరి మాట వింటారా, కాగితం చదువుతారా అన్న పురుగు ఒకటి లోపల తొలుస్తూనే ఉంది.

సాక్ష్యం రోజు వచ్చింది. కోర్టు హాల్లో వెనక బల్ల మీద లిదియమ్మ కూర్చుంది. రావొద్దని జగన్నాథరావు అన్నాడు గాని, వినలేదు. సుక్రు బోనెక్కాడు. ప్రమాణం చేయిస్తే చిలకలా తిరిగి చెప్పాడు. జగన్నాథరావు అడిగాడు.

"జీపు ఎలా పడింది?"

"ఐజాకు బేగి తోలేడు బాబూ."

"ఎంత వేగం?"

"సానా బేగి."

ఇంతవరకు లిదియమ్మ అనుకున్నదే. పళ్ళ బిగువున కూర్చుంది. కృష్ణమూర్తి లేచాడు. లారీ ఎదురొచ్చిందా అని అడిగాడు. లేదన్నాడు సుక్రు. మరి రోజూ నడిపే రోడ్డు మీద, అనుభవమున్న డ్రైవరు ఊరికే లోయలోకి ఎలా పోయాడని రెట్టించాడు.

సుక్రు తడుముకోలేదు. "కేసెట్టు తిరగెయ్యడానికి వంగేడు బాబూ. పాట అయిపోనాది. ఒక సేత్తో కేసెట్టు తీత్తన్నాడు, మలుపొచ్చీసినాది. నాను ఓరే అన్నాను. తలెత్తేటప్పటికి రోడ్డు నేదు."

రాసుకుంటున్న గుమాస్తా చెయ్యి ఆడుతూనే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. లిదియమ్మ ఒక్కతే బల్ల అంచు పట్టుకుంది. జీపులో టేప్‌రికార్డరు పెట్టించుకోవడానికి ఐజాకు డబ్బులు తీసుకున్నది ఆమె దగ్గరే. దసరా జీతంలోంచి ఇచ్చింది. ఆ టేప్‌రికార్డరు సంగతి ఆమె లాయరుకు చెప్పలేదు, జీపెక్కినవాళ్ళకు తప్ప ఎవరికీ తెలీదు.

భోజనాల వేళ జగన్నాథరావు నల్లకోటు విప్పుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆ కేసెట్టు మాట మీరే నేర్పేరా?"

"నేనా? వేగంగా నడిపాడని చెప్పమన్నాను, అంతే. ఆ కేసెట్టేమిటో నాకూ ఇప్పుడే తెలిసింది. వాడే అల్లుకున్నాడేమో, బాగానే పనికొచ్చింది."

"మీ మాట నేనెలా నమ్మను?"

ఆయన కోటు మడిచి చేతిమీద వేసుకున్నాడు. మొదటిసారి ఆయన గొంతు కాస్త గట్టిపడింది. "నాకు పావు వంతుంది కాబట్టి నన్ను నమ్మొద్దు, సరేనమ్మా. సుక్రు కాలు కేసు కూడా ఇందులోనే ఉంది. వాడికి ముప్పాతిక ఉంది. అది గుర్తుపెట్టుకోండి."

బస్టాండులో సుక్రు వేరుశెనక్కాయలు కొనుక్కుని వచ్చి, ఒక పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"కేసెట్టు ఊసు ఎవరు నేర్పేర్రా సుక్రూ?"

"లాయరు బాబేనమ్మా" అన్నాడు వాడు. చూపు మాత్రం కాయ వొలిచే వేళ్ళ మీదే ఉంది. "ఏటో ఒకటి సెప్పాలి గదా. ఊళ్ళో నిజం సెప్పీసినాం గదమ్మా, ఇంకేటి?"

బస్సు కదిలింది. ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. లాయరే నేర్పాడంటే ఏ గొడవా లేదు, లారీ నిజం, కొడుకు స్టీరింగు వదల్లేదు. సుక్రు అల్లాడన్నా ఫరవాలేదు, డబ్బు కోసం అల్లుకున్నాడు, పోనీ. కానీ వాడు అల్లలేదంటే? ఆసుపత్రి మంచం మీద, కొడుకు పోయిన తల్లి చెయ్యి పట్టుకుని, ఆమె తట్టుకోలేదని ఒక లారీని పుట్టించి ఉంటే? ఒకసారి పుట్టించిన లారీని ఊరందరి ముందు వాడు మళ్ళీ ఎలా దాచగలడు? మట్టి పెట్టుకున్న రోజు వాడి మొహాన్నీ, బోనులో వాడి మొహాన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంది. రెండూ ఒకేలా ఉన్నాయి. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆ మాట తన కొడుకు మీద తనే అనుకున్నందుకు ఆమెకు ఒళ్ళంతా సిగ్గుతో మండింది. అయినా అనుకోకుండా ఉండలేకపోయింది. లాయరు తీసుకోబోయే నాలుగో వంతు మీద ఆమెకిప్పుడు కోపం కూడా రాలేదు. ఇకమీద పొయ్యి వెలిగిస్తూ ఏ మాట తలుచుకోవాలో ఆమెకు తెలియలేదు.

సాలూరు దాటి బస్సు ఘాట్ ఎక్కింది. రెండేళ్ళుగా ఆ మలుపు వచ్చినప్పుడల్లా లిదియమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేది. ఈసారి మూసుకోలేదు. కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. ఎదురుగా పైనుంచి ఒక లారీ దిగుతోంది. హారను కొట్టింది. వీళ్ళ బస్సు వేగం తగ్గించలేదు, లారీ కూడా తగ్గించలేదు. రెండూ ఆ మలుపులో ఒకదాన్నొకటి దాటుకుని తాపీగా వెళ్ళిపోయాయి. ఇటు బస్సుకూ లోయకూ మధ్య ఇంకో జీపు పట్టేంత చోటు మిగిలే ఉంది.

సుక్రు పక్క సీట్లో నిద్రపోతున్నాడు.